గొట్టం లోపలికి చూసేదెవరు?

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగితే, కవిత్వం నాకు చేతకాదు గనుక, నేను చేసిన పొరపాటొకటి రాస్తానన్నాను. అదీ పనికివస్తుందన్నారు.

ఈ కాలేజీ విడిచిన రెండో ఏట ఒక సభాభవనం కప్పుకు ఉక్కు గొట్టాల ట్రస్సు డ్రాయింగు నా చేతికి వచ్చింది. లెక్కలన్నీ అయ్యాక అడుగున ఒక్క వాక్యం రాశాను: ‘అన్ని వెల్డులూ ఫుల్ పెనిట్రేషన్, నూటికి నూరు రేడియోగ్రఫీ.’ పాత డ్రాయింగులో అట్లాగే వుంది మరి! రాస్తే పోయేదేముంది, బలమే గదా అనుకున్నాను. వారం తిరక్కుండా షాపునుంచి పిలుపు వచ్చింది. మా నాన్నగారి వయసున్న వెల్డరు ఒక గొట్టాన్ని ఇంకో గొట్టానికి ఏటవాలుగా ఆనించి పట్టుకుని, “లోపలికి చెయ్యి పట్టదు, చూపు పట్టదు. ఫిల్మెక్కడ పెట్టమంటారో మీరే చూపించండి సార్” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఫుల్ పెనిట్రేషన్ అంటే రెండు ముక్కలూ మందమంతా, అడుగుదాకా కరిగి ఒకటి కావడం. ప్లేటు అయితే ఒకవైపు వేసి, తిరగేసి, వెనకనుంచి గ్రైండింగు చేసి మళ్ళీ వేయవచ్చు. గొట్టానికి ఆ వీలు లేదు, వేసేదంతా పైనుంచే. కొసకు కొస కలిపేచోట కొంత నయం. లోపల బ్యాకింగ్ రింగు పెట్టి, తగిన సందు వదిలి అడుగుదాకా దింపవచ్చు. ఇవతల సోర్సు, అవతల ఫిల్ము పెట్టి రేడియోగ్రఫీ కూడా తీయవచ్చు. కాని ట్రస్సులో ముఖ్యమైనది కొమ్మ గొట్టం వచ్చి పెద్ద గొట్టాన్ని తాకేచోటు. అక్కడ చుట్టూ తిరిగేకొద్దీ కోణం మారిపోతుంది. ఇరుకు కోణంవైపు రాడ్డు అడుగుకు చేరదు. ఫిల్ము తీసినా గోడల నీడలు ఒకదానిమీద ఒకటి పడి ఏదీ తేలదు. పైగా రేడియోగ్రఫీకి గాలి రంధ్రాలు, స్లాగు బాగా దొరుకుతాయి గాని, కరగకుండా మిగిలిపోయిన సన్నని అంచు కిరణం వాటానికి లేకపోతే తప్పించుకుంటుంది. దాన్ని పట్టడానికి అల్ట్రాసోనిక్ మేలు. అయితే సుమారు 8 మిల్లీమీటర్లకన్నా పలచని గోడలో దాని మామూలు పద్ధతికీ కష్టమే. నా గొట్టం గోడ 4.5 మిల్లీమీటర్లు!

ఇటువంటి ఆజ్ఞ వస్తే షాపువాళ్ళకు రెండే దారులు. ఆ వెల్డరులాగా నిలదీయాలి, లేదా తీయడానికి వీలైన నాలుగు వెల్డుల ఫిల్ములు ఫైల్లో పెట్టి అన్నీ బాగున్నాయని సంతకం చేయాలి. రెండోదే ఎక్కువగా జరుగుతుందని నా అనుమానం. అసలు సంగతేమంటే, ఆ కొమ్మల్లో చాలావాటికి వచ్చే బలం గొట్టం సత్తువలో సగం కూడా లేదు. చుట్టూ 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ వేస్తే, అంటే 4.2 త్రోటు, హాయిగా సరిపోయేది.

అట్లాగని ఫిల్లెట్‌ను చిన్నచూపు చూడరాదు. 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో, నార్వే వారి ఎకోఫిస్క్ చమురు క్షేత్రంలో, అలెగ్జాండర్ కీలాండ్ అనే తేలే వేదిక బోల్తాపడింది. పనివారి బసగా వాడుతున్న దానిమీద ఆనాడు 212 మంది వుంటే 123 మంది చనిపోయారు. మొదట తెగింది కాళ్ళను కలిపే ఒక గొట్టం, వ్యాసం 2.6 మీటర్లు. పగులు ఎక్కడ మొదలైందనుకున్నారు? హైడ్రోఫోను అనే పరికరం అమర్చడానికి ఆ గొట్టానికి తగిలించిన చిన్న ముక్క చుట్టూ వేసిన 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ దగ్గర. ఆ పగులు లోపల పెయింటు కనబడింది. అంటే రంగు వేసేనాటికే అది వుంది! పరికరం బిగించే ముక్కగా చూశారేగాని, అలలకు ఊగే గొట్టంలో అదీ ఒక భాగమని చూడలేదు.

కాబట్టి ‘అన్ని వెల్డులూ’ అనే మాటే తప్పంటాను. ఏ జాయింటుకు ఎంత బలం, అది నిలకడ బలమా, పదేపదే ఊగేదా, వెల్డు ఎట్లా వేయాలి, దేనితో పరీక్షించాలి అన్నది విడివిడిగా రాయాలి. వేయకముందు బెవెలూ సందూ కొలిచి చూడాలి. వేశాక పైపగుళ్ళకు డై పెనిట్రెంటో, అయస్కాంతపు పొడో వాడాలి. అన్నిటికన్నా ముందు అదే గొట్టం, అదే కోణం, అదే పొజిషను, అదే మనిషి చేత ఒక నమూనా వేయించి, ఇరుకు మూల దగ్గర కోసి, నునుపు చేసి, ఆసిడ్ రాసి చూడాలి. లెక్చరర్లు కోపగించరనే ధైర్యంతో ఒకమాట: డిజైన్ పేపర్లో వెల్డు పొడవులు కట్టి మార్కులు తెచ్చుకున్న నేను, ఇక్కడ చదివినన్నాళ్ళూ ఒక్క వెల్డునైనా కోసి లోపల చూడలేదు. మన వర్క్‌షాపులో రంపం లేదా, ఆసిడ్ లేదా? ఒక్క పీరియడు చాలదా?

నా డ్రాయింగు మార్చాను. సపోర్టు దగ్గరి రెండు జాయింట్లకు మాత్రమే ఫుల్ పెనిట్రేషన్ వుంచి, మిగిలినవాటికి ఫిల్లెట్ రాశాను. ఆ రెండింటికి నమూనా కోస్తే, విశాలమైన వైపు బాగానే వుంది. ఇరుకు మూలలో దాదాపు 2 మిల్లీమీటర్లు అడుగు కరగలేదు. పైనుంచి చూస్తే ఎంత అందమైన వెల్డో! వెల్డరు దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. “ఇక్కడ ఇంకాస్త చెక్కి ఇమ్మనండి సార్, దింపుతాను” అన్నాడు. రెండో నమూనాలో అడుగుదాకా దిగింది.

ఆ రెండు ముక్కలూ ఇప్పటికీ నా బల్లమీదే వున్నాయి. కాలేజీ వర్క్‌షాపుకు ఇచ్చేద్దామని వుంది. ఎవరికి అప్పగించమంటారో చెబితే తెచ్చి ఇస్తాను.