బీరువా తాళం ఎవరి చేతిలో?

జోతిబా, సావిత్రీబాయి ఫూలేలు పుణెలో నడిపిన బడిలో చదువుకున్న ముక్తా సాల్వే అనే మాంగ్ కులపు బాలిక 1855లో ‘జ్ఞానోదయ’ పత్రికలో ఒక వ్యాసం రాసింది. మహారులు, మాంగులు పడుతున్న దుఃఖాన్ని చెప్పిన ఆ వ్యాసం దళిత స్త్రీ రచనకు తొలి ఆనవాళ్లలో ఒకటిగా నిలిచింది. ఆమెకు మిఠాయిలు బహుమతిగా ఇవ్వబోయిన ఒక అధికారితో, మిఠాయిలు వద్దు, మాకు గ్రంథాలయం కావాలని ఆమె అడిగిందన్న కథనం మహారాష్ట్రలో నేటికీ చెప్పుకుంటారు. బడి దొరికిన తర్వాత కూడా ఆ పిల్ల గ్రంథాలయం కోసం ఎందుకు అడిగిందో మన విద్యావిధానం ఇప్పటికీ సరిగా అర్థం చేసుకోలేదు. బడి పాఠం చెబుతుంది. ఏ పుస్తకం చదవాలో పిల్లలే ఎంచుకునే అవకాశాన్ని గ్రంథాలయం ఇస్తుంది. ఆ రెండో అవకాశం మన ప్రాథమిక పాఠశాలల్లో ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు అన్నది కులంతో ముడిపడిన ప్రశ్న.

నేను నాలుగో తరగతి చదివే నాటికి మా వాడ పక్కనున్న ప్రాథమిక పాఠశాలకు ఒక ఇనుప బీరువా వచ్చింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కింద బోధనా సామగ్రితో పాటు కథల పుస్తకాలు కూడా బడులకు చేరుతున్న రోజులవి. ఆ బీరువా తాళంచెవి ప్రధానోపాధ్యాయుని జేబులో ఉండేది. తనిఖీ అధికారి వచ్చిన రోజున పుస్తకాలు బల్ల మీదికి వచ్చేవి, ఆయన జీపు కదిలాక తిరిగి లోపలికి వెళ్లేవి. ఒకసారి ధైర్యం చేసి ఒక పుస్తకం అడిగాను. చేతులు కడుక్కొని రమ్మన్నారు. కడుక్కొని వచ్చాక, మీ ఇంట్లో పుస్తకం పెట్టుకోవడానికి చోటెక్కడుందిరా అన్నారు. ఆయన కోపంతో అనలేదు. నిజంగానే పుస్తకం గురించి దిగులుపడి అన్నారు. ఆ దిగులులో నాకు చోటు లేదని తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ సంవత్సరమే విశాలాంధ్ర వారి పుస్తకాల వాహనం మా ఊరికి వచ్చినప్పుడు మా నాన్న ఒక సోవియట్ బొమ్మల పుస్తకం కొనిచ్చాడు. అట్ట ఊడిపోయేదాకా చదివాను. బడి ఇవ్వని పుస్తకాన్ని కూలి డబ్బులు ఇచ్చాయి. ఆ డబ్బులు లేని ఇళ్లలోని నా సహాధ్యాయులకు బీరువా అద్దంలోంచి కనిపించిన అట్టలే మిగిలాయి.

ఇది గడిచిపోయిన కాలం సంగతి అనుకునే వీలు లేదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. ప్రతి పాఠశాలలో గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రికలు, సంచికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలు ఉండాలని ఆ చట్టం షెడ్యూలు స్పష్టంగా చెబుతోంది. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా రూ.5,000 వరకు గ్రంథాలయ నిధికి అవకాశం ఉంది. పుస్తకాలు కొంతమేరకు వస్తూనే ఉన్నాయి. అయినా ఇటీవల నేను వెళ్లిన అనేక బడుల్లో ఆ పుస్తకాలు కట్టలు విప్పకుండానే బీరువాల్లో కనిపించాయి. పైన సుద్దముక్కల డబ్బా, పక్కన మధ్యాహ్న భోజనం రిజిస్టర్లు, లోపల ఎవరూ తెరవని కథలు.

మరోవైపు, చదువు రావడం లేదన్న ఆందోళన ప్రభుత్వాలకు లేకపోలేదు. గ్రామీణ భారతంలో జరిగిన ‘అసర్’ సర్వే ప్రకారం ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠాన్ని చదవగలిగినవారు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. ఐదో తరగతిలోనూ 2024 నాటికి 44.8 శాతమే. కేంద్రం 2021లో నిపుణ్ భారత్‌ను, తెలంగాణ 2022 ఆగస్టులో ‘తొలిమెట్టు’ను ప్రారంభించాయి. ఆంధ్రప్రదేశ్‌లో ‘చదవడం మాకిష్టం’ వచ్చింది. 2022 జనవరిలో దేశవ్యాప్తంగా నూరు రోజుల పఠనోద్యమం నడిచింది. వీటివల్ల మేలు జరగలేదని నేను అనను. అక్షరాలు కూడబలుక్కోవడం నేర్పడం అవసరమే. కానీ మూడో తరగతి ముగిసేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలన్న నిపుణ్ లక్ష్యం క్షేత్రస్థాయికి వచ్చేసరికి పదాల లెక్కగా కుదించుకుపోతోంది. ఉపాధ్యాయుడు గడియారం పట్టుకుంటాడు, పిల్లవాడు పరుగెడతాడు. ఆ పిల్లవాడు తర్వాత తనంతట తాను ఒక పుస్తకం తీసుకుంటాడా లేదా అన్నది ఏ ఫారంలోనూ ఉండదు.

స్వతంత్ర పఠనం అంటే పిల్లలు తమకు నచ్చిన పుస్తకాన్ని తామే ఎంచుకుని, పరీక్ష భయం లేకుండా, తమ వేగంతో చదువుకోవడం. నచ్చకపోతే మధ్యలో వదిలేసే స్వేచ్ఛ కూడా అందులో భాగమే. దీన్ని తీరిక ఉన్నవారి విలాసంగా చూడటం పొరపాటు. చదవగలిగిన పిల్లలు ఎక్కువ చదువుతారు, ఎక్కువ చదివినకొద్దీ పదసంపద పెరిగి మరింత సులువుగా చదువుతారు. వెనుకబడిన పిల్లలు చదవడానికి జంకుతారు, జంకినకొద్దీ మరింత వెనుకబడతారు. ఈ అంతరం ఏటేటా ఎలా పెరుగుతుందో కీత్ స్టానోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లోనే వివరించాడు. ఆయన చెప్పిన సూత్రానికి మన దేశంలో కులం తోడైంది. తాతల కాలం నుంచి అక్షరం ఉన్న ఇంట్లో పుస్తకాల అర వారసత్వంగా వస్తుంది. అక్కడి పిల్లలకు బడి బీరువా తెరిచినా, మూసినా పెద్ద తేడా ఉండదు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో నేడు ఎక్కువగా మిగిలింది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల, ముస్లిం పేదల పిల్లలే. వీరిలో చాలామంది ఇంట్లో తొలితరం చదువరులు. ఆ బీరువా మూసి ఉంటే వీరికి మరో పుస్తకం లేదు. అందరికీ ఒకేలా వేసిన తాళం అందరినీ ఒకేలా ఆపదు.

తాళం ఎందుకు పడుతోంది? ఉపాధ్యాయులను నిందించి ఊరుకుంటే సమాధానం దొరకదు. పుస్తకం స్టాక్ రిజిస్టరులో ఎక్కుతుంది. లెక్క తప్పితే సంజాయిషీ చెప్పుకోవలసింది ఉపాధ్యాయుడే. చిరిగిన పుస్తకం ఆయన నేరం, ఎవరూ చదవని పుస్తకం ఎవరి నేరమూ కాదు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఐదు తరగతులు చూసుకునే మనిషి ఈ ప్రమాదాన్ని ఎందుకు తెచ్చుకుంటాడు? దీనితో పాటు, ఈ పిల్లల చేతుల్లో పుస్తకం పాడవుతుందన్న పాత నమ్మకం కూడా పనిచేస్తుంది. ఎవరి స్పర్శతో ఏది మలినమవుతుందన్న ఆలోచన నుంచి ఈ నమ్మకం ఎంతో దూరంలో లేదు. ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో సంస్కృతం చదవాలనుకున్న అంబేడ్కర్‌ను కులం కారణంగా అడ్డుకుంటే ఆయన పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. ఎవరు చదవాలి అన్నదానితో ఆగకుండా, ఏది చదవాలి అన్నది కూడా కులమే నిర్ణయించింది. పిల్లలు తమ పుస్తకాన్ని తామే ఎంచుకోవడం అన్న చిన్న విషయానికి ఇంత పెద్ద నేపథ్యం ఉంది.

అదే అంబేడ్కర్ బడి అయిపోయాక బొంబాయిలోని ఒక ఉద్యానవనంలో కూర్చుని తనంతట తాను చదువుకునేవాడు. పరేల్‌లోని ఒంటి గది ఇంట్లో ఆ వీలు లేదు. అక్కడే ఆయనను గమనించిన ఉపాధ్యాయుడు కృష్ణాజీ అర్జున్ కేళుస్కర్ పుస్తకాలు ఇచ్చాడు. మెట్రిక్ పాసైనప్పుడు తాను రాసిన బుద్ధుని జీవితచరిత్రను కానుకగా ఇచ్చాడు. తర్వాతి చరిత్ర మనకు తెలుసు. ఒక పెద్దమనిషి పుస్తకాన్ని దాచకుండా చేతికిచ్చినందువల్ల జరిగిన మేలు అది. అయితే ప్రతి వాడకూ ఒక కేళుస్కర్ దొరకాలని ఎదురుచూడటం విద్యావిధానం కాదు.

బీరువా తెరిస్తే సరిపోతుందా? లోపల ఏముందన్నది మరో ప్రశ్న. మన పిల్లల కథల్లో రాజులు, మంత్రులు, పేద బ్రాహ్మణులు తరచుగా కనిపిస్తారు. చాకలి, మంగలి, గొల్ల అమాయకులుగానో హాస్యపాత్రలుగానో వస్తారు. డప్పు కొట్టే తాత, చెప్పులు కుట్టే నాన్న, పత్తి ఏరే అమ్మ, బీడీలు చుట్టే అత్త ఇల్లూ కథకు తగినదేనని చెప్పే పుస్తకాలు అరుదు. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరిట తెచ్చిన పుస్తకాల్లో గోగు శ్యామల, ఎం.ఎం. వినోదిని వంటి రచయిత్రులు ఈ లోటును పూడ్చే ప్రయత్నం చేశారు. శ్రమకులాల విజ్ఞానాన్ని పిల్లలకు చెప్పడానికి కంచ ఐలయ్య ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. ఇటువంటివి ప్రభుత్వ కొనుగోళ్ల జాబితాల్లోకి ఎందుకు రావు? కోయ, గోండి మాట్లాడే ఇళ్ల పిల్లలకు వారి భాషలో బొమ్మల కథలు ఎన్ని ఉన్నాయి? కొనుగోలు సంఘాల్లో ఎవరు కూర్చుంటున్నారో అడగవలసిన బాధ్యత విద్యార్థి సంఘాలది.

మాధ్యమం గురించి మనం ఏళ్ల తరబడి వాదించుకున్నాం. ఇంగ్లీషు మా పిల్లల హక్కు అన్న దళిత బహుజన వాదనను నేను సమర్థిస్తాను. కానీ ఇంగ్లీషు మాధ్యమం బోర్డు మార్చినంత మాత్రాన రాదు. కాన్వెంటు పిల్లలకు ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ఒక్కటి నుంచే రాలేదు, ఇంట్లోని బొమ్మల పుస్తకాల నుంచి కూడా వచ్చింది. తెలుగు మాధ్యమాన్ని కోరేవారైనా, ఇంగ్లీషును కోరేవారైనా బీరువా దగ్గర ఏకం కావచ్చు. ఒకే పుటపై రెండు భాషలూ ఉన్న కథల పుస్తకం ఈ రెండు పక్షాలకూ పనికొస్తుంది.

ఈ మధ్య ఒక చిన్న ఊరి బడిలో ఒక ఉపాధ్యాయురాలు గదికి అడ్డంగా తాడు కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీయడం చూశాను. పిల్లలు తీసుకుంటున్నారు, ఇంటికి పట్టుకెళ్తున్నారు. కొన్ని చిరిగాయి, కొన్ని తిరిగి రాలేదు. ఆ లోటు ఆమె తన జీతంలోంచి పూడ్చుకుంటున్నారు. మూడో తరగతి పిల్ల ఒకతె రాత్రిళ్లు నానమ్మకు కథ చదివి వినిపిస్తోందట. నానమ్మకు అక్షరాలు రావు. ఆ ఇంట్లో పుస్తకం పెట్టుకునే చోటు ఉందో లేదో ఎవరూ అడగలేదు.

ఇటువంటి పని ఒకరి మంచితనం మీద ఆధారపడకూడదు. అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. పిల్లల వాడకంలో చిరిగిన, పోయిన పుస్తకాలను ఏటా కొంత శాతం వరకు ఉపాధ్యాయునిపై బాధ్యత లేకుండా రద్దు చేసుకోవచ్చునని ఒక ఉత్తర్వు రావాలి. రోజూ అరగంట పరీక్ష లేని పఠనానికి కాలపట్టికలో చోటివ్వాలి, ఆ సమయంలో ఉపాధ్యాయుడూ చదవాలి. కొనుగోలు సంఘాల్లో దళిత, ఆదివాసీ, ముస్లిం, బహుజన రచయితలు ఉండాలి, జాబితాలు బయటపెట్టాలి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ సెస్సు పూర్తిగా గ్రంథాలయాలకు చేరి, అందులో ఒక పాలు వాడల్లోని పిల్లల పుస్తకాలకు వెళ్లాలి. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ జరుపుకున్న జాతికి ఇది అసాధ్యమేమీ కాదు. ఆ ఉద్యమాన్ని ఊరి వైపు నుంచి ఎంతో చెప్పుకున్నాం. పుస్తకం వాడలోకి ఎప్పుడు వచ్చిందన్న లెక్క ఇంకా రాసుకోలేదు.

ఈ వ్యాసం చదివే విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. ఈసారి మీ ఊరు వెళ్లినప్పుడు మీరు చదివిన ప్రాథమిక పాఠశాలకు వెళ్లండి. బీరువా ఎక్కడుందో, తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. తెరిపించి, ఒక పిల్లవాడిని తనకు నచ్చిన పుస్తకం తీసుకోమనండి. చేతులు కడుక్కోమని మాత్రం చెప్పకండి.