బొమ్మ మసక.. టిక్కెట్టు మామూలే

మొదటి ఆట చూసి వచ్చినవాణ్ణి ‘బొమ్మ ఎలా ఉంది’ అంటే కథ చెప్పేవాడు, పాటలు చెప్పేవాడు. ఇప్పుడు మండల కేంద్రాల్లోని చాలా హాళ్ల నుంచి బయటికొచ్చేవారు ముందు చెప్పే మాట వేరు. రాత్రి సీన్లలో ఎవరు ఎవరిని కొట్టారో కనబడలేదని, ఇంట్లో టీవీయే నయమని.

జనం రాకపోవడానికి ఓటీటీలే కారణమని హాళ్ల యజమానులు అంటున్నారు. కొన్ని వారాలు ఓపిక పడితే సినిమా ఇంటికే వస్తుంటే హాలుకు ఎవరొస్తారన్నది వారి వాదన. అందులో నిజం లేకపోలేదు. 2024 మేలో కలెక్షన్లు లేక తెలంగాణలో సింగిల్ థియేటర్లు కొన్నాళ్లు మూతపడ్డాయి కూడా. అయితే వచ్చిన నలుగురికీ బొమ్మ సరిగా చూపిస్తున్నారా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయడం లేదు.

రీళ్ల కాలంలో పల్లె ప్రేక్షకుడికి దక్కింది పాత ప్రింటే. పట్నాల్లో ఆడి ఆడి, గీతలు పడి, అతుకులు పడి వచ్చేది. తెర మీద వాన కురుస్తున్నట్టే ఉండేది. అయినా వెలుతురుకు లోటుండేది కాదు. ఆపరేటరు ప్రొజెక్టరు పక్కనే నిలబడి కార్బన్ కడ్డీలను సరిచేస్తూ ఉండేవాడు. బొమ్మ మసకబారితే హాల్లో ఈలలు, కేకలు లేచేవి. మరుక్షణం వెలుగు వచ్చేది.

2009 తర్వాత నాలుగైదేళ్లలో రీళ్లు పోయి డిజిటల్ వచ్చింది. హైదరాబాద్‌లో పడే బొమ్మే అదే రోజున మండల కేంద్రంలోనూ పడుతోంది. గీతలు లేవు, అతుకులు లేవు. పల్లెలకు ఇది నిజంగా పెద్ద మేలే. ఆ మేలు తెర దాకా రాకపోవడమే ఇప్పటి బాధ.

బల్బు దగ్గరే కిటుకు

ఎక్కువ హాళ్లలో వాడేది జినాన్ బల్బు. రకాన్ని బట్టి దాని ఆయుష్షు సుమారు వెయ్యి నుంచి రెండు వేల గంటలు. రోజుకు నాలుగు ఆటలంటే పదకొండు గంటలు. ఆ లెక్కన ఎంత మంచి బల్బయినా ఆరు నెలలకు మార్చాలి. ఖరీదు పదుల వేలల్లో ఉంటుంది. ఈ బల్బు ఒక్కసారిగా ఆరిపోదు, మెల్లమెల్లగా వెలుగు తగ్గుతుంది. రోజూ చూసేవారికి తేడా తెలియదు. ఆయుష్షు తీరేసరికి వెలుగు సగానికి సగం పడిపోయినా వెలుగుతూనే ఉంటుంది కనుక నడిపిస్తున్నారు. మరికొన్ని చోట్ల ఎక్కువకాలం రావాలని కరెంటు తగ్గించి వెలిగిస్తున్నారు.

దీనికి తోడు ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన తెర. ఆపరేటరు గది కిటికీ అద్దం మీద మరకలు. తలుపుల సందుల్లోంచి పగటి వెలుతురు. త్రీడీ కోసం వేసిన వెండిపూత తెరను మామూలు సినిమాలకూ ఉంచేస్తే మధ్యలో మెరుపు, పక్కల చీకటి కనిపిస్తాయి. పక్క సీట్లలో కూర్చున్నవాడి గతి చెప్పనక్కర్లేదు.

సినిమా తెరకు 14 ఫుట్ లాంబర్టుల వెలుగు ఉండాలన్నది ప్రపంచమంతటా ఒప్పుకున్న ప్రమాణం. టీవీల లెక్కలో ఇది 48 నిట్లు. ఇంట్లో మామూలు ఎల్ఈడీ టీవీ రెండు మూడొందల నిట్లు ఇస్తుంది. అంటే సరిగా ఉన్న హాలులోనూ వెలుగు టీవీ కంటే తక్కువే. చుట్టూ చీకటి ఉంటుంది కనుక అది చాలుతుంది. ఉన్నదే తక్కువ, అందులో సగం పోతే మిగిలేదేమిటి? పైగా చాలా హాళ్లు 2కె ప్రొజెక్టర్లవి. వాయిదాల మీద కొన్న 4కె టీవీలో అడ్డంగా 3,840 చుక్కలుంటే, 2కె తెర మీద 2,048. దూరం నుంచి చూసే కంటికి చుక్కల తేడా పెద్దగా తెలియదు గానీ, వెలుతురు తేడా ముసలివాళ్లకూ తెలుస్తుంది.

ఖర్చు ఎవరిది?

యజమానుల గోడు పూర్తిగా కొట్టివేయదగ్గది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ ఉత్తర్వు ప్రకారం పంచాయతీల్లోని నాన్ ఏసీ హాలులో నేల టిక్కెట్టు 5 రూపాయలే. 2022 మార్చిలో కనీస ధర 20 అయింది. ఈ డబ్బులతో బల్బు కొనాలంటే ఎన్ని ఆటలు నిండాలో లెక్క వేసుకోవచ్చు. ఏడాది, రెండేళ్ల లీజుకు తీసుకున్నవాడు తెర మార్చడు. అద్దె పద్ధతిలో ఆడిస్తే బొమ్మ బాగున్నా, బాగా లేకున్నా హాలుకు వచ్చేది అంతే. అద్దె బదులు వాటా కావాలని 2025లో ఎగ్జిబిటర్లు బంద్ దాకా వెళ్లి వెనక్కి తగ్గారు. ఆ గొడవలోనూ తెర ఊసు వినబడలేదు.

బొమ్మ బాగుంటే చిన్న ఊరికీ జనం వస్తారనడానికి సూళ్లూరుపేటే సాక్ష్యం. 2019లో అక్కడ వందడుగుల పైచిలుకు వెడల్పు తెరతో హాలు కట్టారు. దానికోసం చెన్నై వైపు నుంచి కూడా వస్తున్నారు. ప్రతి మండలంలో అంత తెర ఎవరూ అడగడం లేదు. ఉన్న తెర కనబడితే చాలు.

2021 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అధికారులు హాళ్లను తనిఖీ చేసి, బీ ఫారం లైసెన్సు రెన్యువల్, అగ్నిమాపక అనుమతి లేని వాటిని మూయించారు. క్యాంటీన్ ధరలూ చూశారు. తెర మీది వెలుగు మాత్రం చర్చకు రాలేదు. లైసెన్సు తనిఖీలో దాన్నీ ఒక అంశంగా చేరిస్తే కొలవడం కష్టమేమీ కాదు. ఆట మొదలుకాకముందు తెర మీద ఉత్త తెల్లని వెలుగు వేసి, నడుమ సీటు నుంచి మీటరు పట్టుకుంటే పది నిమిషాల పని. కిటికీ అద్దం తుడవడానికైతే ఆపాటి సమయం కూడా అక్కర్లేదు.