ఆకుకూరల మడులలో నారుకుళ్లు

చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ ప్రాంతాల నుంచి పాలకూర, కొత్తిమీర కట్టలు నిత్యం హైదరాబాదు మార్కెట్లకు చేరుతున్నాయి. 2014 తర్వాత ప్రభుత్వ రాయితీలతో ఈ ప్రాంతంలో పాలీహౌస్‌లు లేచాయి. పూలతో పాటు కొందరు రైతులు వాటిలో ఆకుకూరలూ వేస్తున్నారు. కప్పు వానను, వడగళ్లను ఆపుతుంది గాని మట్టిలోని బూజును ఆపదు.

సాయంత్రం నిటారుగా ఉన్న మొలక తెల్లవారేసరికి మొదలు వద్ద మెత్తబడి, సన్నగిల్లి నేలకు ఒరుగుతుంది. మడిలో ఒకచోట మొదలై చుట్టూ పాకుతుంది. ఇదే నారుకుళ్లు. కొన్ని గింజలు మొలవకముందే మట్టిలో కుళ్లిపోతాయి. అప్పుడు రైతు విత్తనం కల్తీదని దుకాణదారుతో తగవు పడతాడు. నిజానికి పిథియం, రైజోక్టోనియా అనే సూక్ష్మజీవులు చాలా సందర్భాలలో దీనికి మూలం. గాలి ఆడని పందిరి, ఒత్తుగా చల్లిన విత్తు, పొద్దుగూకే వేళ పెట్టిన తడి వాటికి బలమిస్తాయి.

ఇంతకన్నా విచారకరమైనది తర్వాత జరిగే పని. ఒరిగిన మొలక ఏ మందు పోసినా తిరిగి లేవదు. అయినా దుకాణంలో చేతికిచ్చిన మందు తెచ్చి మడి నిండా గుమ్మరించే వారున్నారు. మెంతికూర, తోటకూర 25, 30 రోజులలో కోతకు వచ్చే పంటలు. ఆ మందు ఎవరి పప్పుగిన్నెలోకి పోతున్నదో ఆలోచించాలి. రైతు పిల్లలు తినేదీ ఆ కూరే.

వేసవిలో ఖాళీ మడిని తడిపి, పారదర్శకమైన పల్చని పాలిథిన్ పట్టా బిగించి 4 నుంచి 6 వారాలు ఎండనిస్తే మట్టిలోని తెగులు చాలావరకు చస్తుంది. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి ఆరకుండా వారం పాటు ఉంచి మడికి వేయాలి. దీనిని రసాయనిక శిలీంధ్రనాశక మందులతో కలిపితే మేలుచేసే బూజే చస్తుంది. మడి 15 సెంటీమీటర్ల ఎత్తుండాలి, తడి ఉదయమే పెట్టాలి, పక్క తెరలు ఎత్తి గాలి ఆడనివ్వాలి. వీటికి ఖర్చు లేదు.

ఇనుప పైపులకు రాయితీ ఇచ్చిన ప్రభుత్వానికి ట్రైకోడెర్మా పొట్లాలు మండల కేంద్రాలకు చేర్చడం బరువు కాదు. ఉద్యానశాఖ అధికారులు రైతు వేదికలలో ఉపన్యాసంతో సరిపెట్టక, మడి దగ్గరకే వచ్చి చేసి చూపాలి. మృగశిర కార్తెకు ముందే ఈ ఏర్పాటు జరగవలసి ఉంది.