ఆదివారం ఐటీఐ తలుపులు మనకూ తెరవాలి
సికింద్రాబాద్ లారీ, డీసీఎం, ట్రాలీ యజమాని-డ్రైవర్లకు విజ్ఞప్తి



నిరుడు నా డీసీఎం రెండో గేరు వేసినప్పుడల్లా గరగరమని అరిచేది. (ఆ పేరుతో కొత్త బండ్లు రావడం ఎప్పుడో ఆగినా, ఈ సైజు బండి ఏదైనా మన ఊళ్ళో డీసీఎమ్మే కదా.) ఒక షెడ్డులో చూపిస్తే "గేరుబాక్సు మొత్తం పోయింది, మార్చాల్సిందే" అన్నారు. అప్పటికే రెండు కిస్తీలు బాకీ. బండిని ఇంటి ముందే నిలబెట్టి నేనే విప్పాను. అంతకుముందు చక్రం మార్చడం తప్ప ఏ రిపేరూ ఎరగను.

విప్పిన ప్రతి సామానునూ విప్పిన వరసలోనే పాత దుప్పటి మీద పేర్చాను. తీరా చూస్తే పోయింది అరచేతిలో పట్టే ఇత్తడి సింక్రో రింగు. గేరు పడేముందు ఈ రింగే గేరు కోనును ఒరుసుకుని రెండింటి వేగాన్నీ కలుపుతుంది. దాని లోపలి సన్నగాట్లు అరిగి నున్నబడితే పట్టు తప్పి పళ్ళు కొట్టుకుంటాయి. రింగును కోను మీద నొక్కి పక్క సందులో ఫీలర్ గేజి పెడితే సంగతి తెలిసిపోతుంది. నా రింగు దగ్గర అన్నిటికన్నా సన్న బ్లేడు కూడా దూరలేదు. లేషాఫ్టు బేరింగు ఒకటి గరుకుగా తిరిగింది. గేర్లు, షాఫ్టులు, కేసింగు శుభ్రంగా ఉన్నాయి. కావలసినవన్నీ రాణీగంజ్‌లో దొరికాయి.

కష్టమంతా పనిముట్ల దగ్గరే వచ్చింది. బాక్సు దించడానికి జాకీ, బండి కింద గట్టి స్టాండ్లు ఉండాలి. రాళ్ళ మీద నిలిపి కింద దూరితే ప్రాణం మీదికొస్తుంది, ఎవరూ ఆ పని చేయకండి. బేరింగు ఎక్కించడానికి ప్రెస్సు కావాలి. అది లేక నేను సుత్తి పట్టాను. షాఫ్టు మీదికెక్కే బేరింగును లోపలి రింగు మీద నెట్టాలని తెలియక బయటి రింగును కొట్టాను. గోళీలు దెబ్బతిన్నాయి, కొత్త బేరింగు పారేయాల్సి వచ్చింది. పక్కన తెలిసినవారు ఒక్కరుంటే నా చెయ్యి పట్టుకుని ఆపేవారు.

ఆ తెలిసినవాళ్ళు మన ఊళ్ళో లేరా? సైన్యం బండ్లు బాగుచేసే ఈఎంఈ దళం 1943లో పుట్టింది, దాని సైనిక కళాశాల ఉన్నది మన తిరుమలగిరిలోనే. ఏళ్ళ తరబడి మిలిటరీ లారీలు బాగుచేసి రిటైరైన పెద్దలు అల్వాల్, యాప్రాల్, సైనిక్‌పురి వైపు ఉన్నారు. వాళ్ళ చేతిలోని పని ఇంట్లో ఊరికే కూర్చుంది. పనిముట్లు లేవా? మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్ళు నేర్పే ప్రభుత్వ ఐటీఐలున్నాయి. 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపన చేసి, టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను ఆధునికం చేసే పని సర్కారు మొదలుపెట్టింది. చాలా సంతోషం. ఆ ఐటీఐల యంత్రాలకు ఆదివారం తాళం ఎందుకు?

మన ఊరి చుట్టుపక్కల ఒక ఐటీఐలో ఆదివారాలు ఒక బెంచీ, ఒక ప్రెస్సు, పుల్లర్లు మనకు వదలాలి. ఒక రిటైర్డ్ ఈఎంఈ మెకానిక్‌కు గౌరవ వేతనమిచ్చి దగ్గర నిలబెట్టాలి. ఉచితం అడగడం లేదు, అద్దె కడతాం. బండి తేవక్కర్లేదు, ఇంటి దగ్గర దించిన బాక్సును ట్రాలీలో వేసుకొస్తాం. పాత గేరాయిలు పోయడానికి అక్కడొక డ్రమ్ము కూడా ఉండాలి. పికెట్ నాలాలో పోసిందల్లా హుస్సేన్ సాగర్‌కే పోతుంది.

మెకానిక్ అన్నల పొట్ట కొట్టే మాట కాదిది. లోపల ఏముందో ఎరిగిన యజమానే మంచి మెకానిక్ పనికి ధర కట్టగలడు. "మొత్తం పోయింది" అన్న మాట ఒక్కటే ఇక చెల్లదు.

ఈ కాగితం వెనక మీ పేరు, బండి నంబరు రాసి సంతకం పెట్టండి. తెల్లవారుజామున బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో లోడు దించే చోట నేనే వచ్చి తీసుకుంటాను. వంద సంతకాలు కాగానే అందరం కలిసి ఉపాధి, శిక్షణ శాఖ అధికారులకు ఇద్దాం. విప్పడానికి జంకి మూలన పడేసిన బాక్సు మీ ఇంట్లో ఉంటే ఆ సంగతీ రాయండి. మొదటి ఆదివారం దానితోనే మొదలుపెడదాం.

— ఒక యజమాని-డ్రైవరు, బోయినపల్లి