అనుకోకుండా జరిగిందంటే సరా?

ఉద్దానంలో దింపు కార్మికుడు కొబ్బరి చెట్టు మీంచి పడితే ఊరంతా అనే మాట ఒక్కటే. ‘పాపం, అనుకోకుండా జరిగింది, వాడి రాత’ అంటారు. తోట రైతు మందుల ఖర్చుకని ఎంతో కొంత చేతిలో పెడతాడు. తరువాతి దింపునకు మరొకడు అదే చెట్టు ఎక్కుతాడు. టెక్కలి వైపు గ్రానైటు క్వారీలో రాయి దొర్లి కాలు నలిగినా అదే మాట.

ఇందులో అనుకోనిది ఏముంది? వాన పడితే మాను జారుతుంది. ఎండు మట్ట పట్టుకుంటే ఊడి చేతిలోకి వస్తుంది. మొవ్వు దగ్గర కందిరీగల పట్టు ఉంటే కుట్టక మానవు. కాళ్లకు వేసుకునే తాడు తడుస్తూ ఎండుతూ ఏదో ఒకనాడు తెగుతుంది. కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా చెట్టెక్కే ప్రతి ఇంటివారికీ తెలిసిన సంగతులే ఇవి.

పలాస, కాశీబుగ్గలలో జీడిపిక్కలు కొట్టే ఆడవారి చేతులు చూడండి. జీడి తొక్కలోని రసం తగిలి చర్మం కాలుతుంది, పొక్కులు లేస్తాయి, వేళ్లు నల్లబడతాయి. బూడిదో ఆముదమో రాసుకుని మళ్లీ పనికి కూర్చుంటారు. దీన్ని ప్రమాదం కింద ఎవరూ లెక్కవేయరు. పేపరులో వార్త కూడా కాదు. రోజూ జరిగేదే కదా!

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన తీరం దాటింది. తుపాను వస్తుందని రేడియోలో చెబుతారు. మర్నాడు ఒకదాని మీద ఒకటి పడి ఉన్న మానుల్లో కిందిది నరికితే పైది ఎటు దొర్లుతుందో చెప్పేవారు ఉండరు.

2025 నవంబరు 1న కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగి 9 మంది మరణించారు. కార్తీకం, ఏకాదశి, శనివారం మూడూ కలిసి వస్తున్నాయని పంచాంగం ముందే చెప్పింది. ఆ రోజు జనం వస్తారన్నది ఊహకందని విషయమా?

దెబ్బ తగిలాక జరిగేది కూడా చూడాలి. పడిన వాణ్ణి మోటారు సైకిలుపై ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడం మన అలవాటు. వెన్నుపూస దెబ్బతిని ఉంటే ఆ కుదుపులకే కాళ్లు చచ్చుబడవచ్చు. 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా మెడ, నడుం కదలకుండా ఉన్నచోటే ఉంచాలి. తప్పనిసరైతే తలుపు చెక్కపై పడుకోబెట్టి నలుగురు మోయాలి.

ఇక నొప్పి బిళ్లల సంగతి. అసలే మూత్రపిండాల జబ్బుతో కుంగిపోయిన ప్రాంతం మనది. నడుం నొప్పికని నెలల తరబడి మింగే బిళ్లల్లో చాలావాటికి మూత్రపిండాలను చెడగొట్టే గుణం ఉంది. చెట్టు దెబ్బకు ఇది తోడవుతుంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది, సంతోషమే. రక్తపరీక్ష చూడనిదే ఆ బిళ్లలు ఇవ్వవద్దని ఊరి వైద్యునికి చెప్పవలసిన వారు ఎవరు?

చెట్టెక్కే వారికి కొబ్బరి అభివృద్ధి మండలి ‘కేర సురక్ష’ పేరిట ప్రమాద బీమా నడుపుతోంది. ప్రీమియంలో ఎక్కువ భాగం మండలే భరిస్తుంది. ఉద్యానశాఖ వారు ఊరూరా రచ్చబండ దగ్గర కూర్చుని దరఖాస్తులు పూర్తి చేయించాలి. కార్మికుని వాటా సొమ్మును తోట రైతులు కట్టవచ్చు. అందుకు రెండు మూడు చెట్ల కాయల ఖరీదు చాలు.