అడవి గోండులది, ఆదాయం ఎవరిది?

కవ్వాల్‌కు టూరిస్టులు రావాలె. రావొద్దని మనం అనం. ఉమ్మడి రాష్ట్రంలో ఆదిలాబాద్ అంటే మలేరియా జ్వరాలు, పనిష్‌మెంట్ బదిలీలే యాదికొచ్చేవి. కుంతాల జలపాతం, కడెం ప్రాజెక్టు, కెస్లాపూర్ నాగోబా, జోడేఘాట్ మాత్రం ఎవరికీ యాదికి రాలేదు. 1965లో అభయారణ్యమైన కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్ చేసిండ్రు. బఫర్‌తో కలిపి దాదాపు 2 వేల చదరపు కిలోమీటర్ల అడవి. మహారాష్ట్రలోని తాడోబా పులులు ఇటు దిక్కు వస్తున్నయి. పులి వెనుక టూరిస్టు, టూరిస్టు వెనుక పైసలు వస్తయి.

ఆ పైసలు ఎవరి చేతికి? మన ప్రశ్న ఇదొక్కటే.

సఫారీ జీపు ఎవరిది? గైడ్ ఎవరు? కాటేజీ కాంట్రాక్టు ఎవరికి? గోండు, కొలాం, నాయక్‌పోడ్ పిల్లలకు గదులు ఊడ్చే పనే దక్కితే దాన్ని అభివృద్ధి అనలేం. 1985లో వచ్చిన 610 జీవో అమలు కోసం మన ఉద్యోగులు ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు. స్థానికుల కొలువు స్థానికులకే అన్నదే ఆ కొట్లాట. సెక్రటేరియట్‌ల న్యాయమైన మాట జన్నారం అడవిల అన్యాయం ఎట్లయితది?

పులుల కోసమని మైసంపేట, రాంపూర్ ఊర్లను కోర్ ఏరియా నుంచి బయటికి తరలించిండ్రు. ఊరు విడిచినోడు బయట ఉంటే, టికెట్ కొన్నోడు జీపుల లోపలికి పోవుడు ఏం నీతి? 2025లో కుమ్రం భీం పేరు మీదనే కన్జర్వేషన్ రిజర్వ్ అని 49 జీవో తెచ్చిండ్రు. ఆదివాసీలు లేసి కొట్లాడితే జులైల సర్కారు దాన్ని ఆపింది. జల్, జంగల్, జమీన్ అని 1940లో జోడేఘాట్‌ల ప్రాణమిచ్చిన భీం పేరు పెట్టి, ఆయన జాతినే భయపెడితే ఎట్ల?

అందుకే మన డిమాండ్లు సూటిగా చెప్తున్నం. 2006 అటవీ హక్కుల చట్టం కింద రావాల్సిన సామూహిక హక్కు పత్రాలు ముందుగాల ఇయ్యాలె. గ్రామసభ ఒప్పుకోకుండా ఒక్క కాటేజీ కట్టొద్దు. గైడ్లు, డ్రైవర్లు, గేటు సిబ్బంది ఆ ఊర్లోళ్లే ఉండాలె. గేటు వసూళ్లల్ల ఊర్లకు వాటా ఉండాలె. లీజుల పేరుతో 1/70 చట్టానికి గండి కొట్టొద్దు.

సెలవులకు కుంతాల పోయే విద్యార్థులు, ఉద్యోగులు ఈ లెక్క అక్కడ అడగాలె. నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. ఆ మూడు మాటలు కవ్వాల్ ఊర్లకు కూడా వర్తిస్తయి.