పంక్తిలో వలపక్షం

పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు ఒకరి విస్తట్లో రెండు బూరెలు, పక్కవాళ్ళ విస్తట్లో ఒకటే వేసి పోతే మనం ఊరుకుంటామా? "పంక్తిలో వలపక్షమా!" అని నలుగురం నాలుగు మాటలు అంటాం. అలాంటి మనమే విమానాశ్రయంలో మాత్రం నోరు మెదపం. ఎందుకో చెప్పండి!

కిందటేడు మా అక్కతో కలిసి అమెరికా వెళ్ళాను. అక్కది సంగారెడ్డి. బళ్ళో టీచరమ్మగా చేసి రిటైరైంది. కూతురి పురిటికి బయల్దేరింది. మా వాడు పటాన్‌చెరు వైపు ఓ మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగి. కంపెనీ పనిమీద వెళ్తూ నన్నూ తీసుకెళ్ళాడు. ముగ్గురిదీ ఎకానమీయే, సీట్లు ఒక వరసలోనే. దారిలో విమానం మారేచోట నాలుగు గంటలు కూర్చోవాలి. వాడికి బంగారు రంగు కార్డు ఉంది. దాంతో లాంజిలోకి వెళ్ళి మెత్తటి సోఫాల్లో కూర్చుని కావలసింది తినొచ్చట.

"అమ్మా, కార్డు మీద నాతోని ఒక్కరినే రానిస్తరు," అన్నాడు, పెద్దమ్మ మొహం చూడలేక.

"నువ్వు పోయి రావే చెల్లె. సామాన్ల కాడ ఒకలుండాలె గద," అంది అక్క.

నేను వెళ్ళాను! అదీ నా సిగ్గు. చీర కుచ్చెళ్ళు సవరించుకుని, బయట కుర్చీల్లో ఉన్నవాళ్ళని ఒకసారి చూసి మరీ వెళ్ళాను.

లోపల కాఫీ తాగుతూ ఈ వ్యవహారమేమిటో వాణ్ణి అడిగి తెలుసుకున్నాను. విమానంలో తరగతులు వేరు, కార్డులు వేరు. ఎకానమీ, ప్రీమియం ఎకానమీ, బిజినెస్, ఫస్ట్ అనేవి తరగతులు. ఎక్కువ డబ్బిచ్చినవాళ్ళు కాళ్ళు చాపుకుంటారు. దాంతో నాకు పేచీ లేదు. రైల్లో ఏసీ పెట్టె లేదూ? నా పేచీ అంతా కార్డులతోనే.

అమెరికాలో 1978లో విమాన ఛార్జీల మీద ప్రభుత్వ అదుపు తీసేశారు. పోటీ పెరిగింది. వచ్చిన ప్రయాణీకుడు చెయ్యి జారిపోకుండా అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో మైళ్ళ పథకం పెట్టింది. ఎన్ని మైళ్ళు ఎగిరితే అంత బహుమానం. తర్వాత అందరూ అదే దారి పట్టారు. వెండి, బంగారం, ప్లాటినం అని మెట్లు కట్టారు. ఇప్పుడు చాలామంది మైళ్ళు కూడా చూడటం లేదు, రూపాయలే చూస్తున్నారు. మన ఎయిర్ ఇండియా కూడా 2024లో ఖర్చు లెక్కన పాయింట్లిచ్చే పద్ధతికి మారింది.

దీనికి వాళ్ళు పెట్టిన పేరు లాయల్టీ, అంటే విశ్వాసం! ఎవరి విశ్వాసమండీ? మా వాడి టికెట్టు కంపెనీ కొంది, పాయింట్లు వాడి ఖాతాలో పడ్డాయి. ఆ కంపెనీ డబ్బు ఎక్కడిది? రాత్రి షిఫ్టులు చేసి మందు బిళ్ళలు తయారుచేసే వాళ్ళ చెమటలోది కూడా కాదూ? నా టికెట్టు మా వాడు కొన్నాడు. ముగ్గురిలో సొంత పెన్షను డబ్బు పెట్టి టికెట్టు కొన్నది అక్క ఒక్కతే. బయట కూర్చున్నదీ అక్క ఒక్కతే!

"వ్యాపారమన్నాక అంతేలే" అంటారు మీరు. సుఖాన్ని అమ్ముకోనివ్వండి, కాదనను. కాని ఒకే తరగతి టికెట్టు కొన్న మనుషులకి రంగులు పూసి, వరసలు కట్టి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళని పిలవడం సుఖాన్ని అమ్మడం కాదు, గొప్పను అమ్మడం. పక్కవాడు బయట ఉంటేనే లోపలివాడికి ఆ గొప్ప. మన రైళ్ళలో "మూడో తరగతి" అనే మాటని 1974లో తీసేశారు. నేలమీద చెరిపేసిన దాన్ని ఆకాశంలో మళ్ళీ రాసుకున్నాం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగులోనూ, ఎక్స్‌ప్రెస్‌లోనూ ఛార్జీ లేదు. జీరో టికెట్టు చింపిచ్చే కండక్టరు "నీ కార్డు ఏ రంగమ్మా?" అని అడగదు కదా!

అయితే ఒక్క మాట. ఈ వరసలు మనకి కొత్తవా? ఇంట్లో మొదట మగవాళ్ళకి, తర్వాత అల్లుడికి, పిల్లలకి వడ్డించి, గరిట పట్టిన ఆవిడ చివర్న అడుగూ బొడుగూ తినడం మనం చూసిందే. ముప్ఫై ఏళ్ళ విశ్వాసానికి ఆవిడకే కార్డూ ఇవ్వలేదు. అందుకే కాబోలు, విమానం దగ్గర చివరి పిలుపు వచ్చినా మనకి నొప్పి తెలియదు.

ఇక నుంచైనా తెలియనివ్వండి. పిల్లల దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ పేరనే సభ్యత్వం తీసుకోండి. సాధారణంగా దానికి డబ్బు అడగరు. మీ టికెట్టు మీద వచ్చే పాయింట్లు మీవే. వాటికి గడువుంటుంది, మరిచిపోకండి. దాంతోపాటు, ఆ రంగుల్ని చూసి మనుషుల విలువ కట్టడం పిల్లలకి నేర్పకండి. ఇది నాకు నేను చెప్పుకుంటున్నది కూడా.

కాఫీ అయ్యాక బయటికొచ్చి చూద్దును కదా, అక్క సకినాల డబ్బా మూత తీసి ఉంది. అటు పక్క ఓ పంజాబీ ముసలమ్మ, ఇటు పక్క చంటిపిల్లతో ఎవరో పరదేశి పిల్ల, అందరి చేతుల్లోనూ సకినాలే. నన్ను చూసి "తిన్నవా చెల్లె? ఇగో, నీ వంతు తీసిపెట్టిన" అంది.

తిరుగు ప్రయాణంలో ఆ డబ్బా పక్కనే కూర్చున్నాను.